తీసేసిన రోజులు

బుధవారం, మధ్యాహ్నం
మోటారు గది

నన్ను ఒంటరివాడినని రాశావు.

నోరు జారిన మాట కాదు, పోట్లాటలో విసిరిన మాట కాదు. తీరిగ్గా కూర్చుని, అచ్చులో రాశావు. నీ థీసిస్ మూడో అధ్యాయం, మొదటి వాక్యం: ఈ ఇంట్లో ఒక పురుషుడు ఒంటరిగా నివసిస్తున్నాడు. పెళ్ళాం నిక్షేపంగా ఉండగా నన్ను ఒంటరివాణ్ణి చేసి కూర్చోబెట్టావు. అది చాలదన్నట్టు ఆ కిందే ఇంకో ముక్క తగిలించావు: అప్పుడప్పుడు ఈ ఇంటికి ఒక అతిథి వస్తుంటారు, అతిథి ఉన్న రోజులు మిగతా రోజులతో పొసగవు కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశాం.

ఎవరమ్మా ఆ అతిథి? వంటింటి గట్టెక్కి కాళ్ళూపుకుంటూ, నేను వండినదానికి వంకలు పెట్టే మనిషా? నా చొక్కా తొడుక్కుని, అది మొదట్నించీ తనదేనని వాదించే మనిషా? అతిథులు అలా ఉంటారని నాకు తెలీదు. మా ఇళ్ళకి వచ్చిన చుట్టాలు కాస్త సిగ్గుపడేవాళ్ళు.

‘ప్రియమైన’ అని మొదలుపెడదామని చూశాను, కలం మొండికేసింది. నేనిక్కడ క్షేమం అని రాద్దామా అంటే, ఆ సంగతి నాకంటే ముందు నీకే తెలుస్తుంది. ఎప్పుడు లేచానో, ఎన్నిసార్లు తలుపు తీశానో, ఏ గదిలో ఎంతసేపు ఉన్నానో అన్నీ అక్కడ నీ తెర మీద గీతలై పాకుతుంటాయి. అందుకే మర్యాదలు అవతల పెట్టాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేశానుగా, ఏం జరిగిందో చూశావుగా. ఫోన్లో నీతో నేను గెలవలేను. ప్రతిదానికీ నీ దగ్గర ఒక కారణం తయారుగా ఉంటుంది. కాగితం మీద అయితే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు అడ్డం రాలేవు. పైగా ఇది మన ఇంట్లో కూర్చుని రాయడం లేదు. నేను ఉత్తరం రాస్తున్న సంగతి ఇంట్లో నువ్వు బిగించిన పెట్టెలకి తెలీదు.

నిన్న నువ్వు ఫైలు పంపేసరికి నేనూ బాబాయీ ఇక్కడే ఉన్నాం. ఈ బిల్డింగు లిఫ్టుకి తాళ్ళు మారుస్తున్నాం. (ఆయన నాకు ఏమీ కాకపోయినా, పని నేర్పిన పాపానికి బాబాయ్ అయ్యాడని నువ్వే నవ్వేదానివి.) అప్పుడే క్యారేజీలు విప్పాం. ఫోన్లో నీ మెసేజి. నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, మన ఇల్లు పుస్తకంలోకి ఎక్కింది చూడు అని రాశావు. ఎంత సంతోషం వేసిందో. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. నీకేం అర్థమవుతుందిరా అది, తిను ముందు అన్నాడు బాబాయ్. అర్థమైంది. అదే వచ్చిన చిక్కు.

నా ఇంగ్లీషు ఎక్కణ్ణించి వచ్చిందో నీకు తెలుసు. లిఫ్టు కంపెనీల పుస్తకాల్లోంచి. వాటిల్లో ప్రమాదం, ముట్టుకోవద్దు, కరెంటు తీసేయండి, ఇలాంటి మాటలే ఉంటాయి. ‘నివసించు’ లాంటివి ఉండవు. కొన్ని మాటలకి ఫోన్లో అర్థాలు వెతుక్కున్నాను. ‘గెస్ట్’ అన్నదానికి మాత్రం వెతుక్కునే పని పడలేదు. లాడ్జీ బోర్డుల మీద చిన్నప్పటినుంచీ చూస్తున్నదేగా.

ఏంట్రా, మొహం తాడు తెగిన లిఫ్టులా పెట్టావ్ అన్నాడు బాబాయ్. చెప్పాను. కాసేపు నమిలి నమిలి, చుట్టమనేగా రాసుకుంది, శత్రువు అని రాసుకోలేదుగా అన్నాడు. మీ పిన్ని నన్ను ఇన్నేళ్ళనుంచీ అద్దె ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు చూస్తోంది, నేను ఏ అధ్యాయంలో రాయించుకోవాలి అన్నాడు. నవ్వించాలని చూశాడు, పాపం. నా క్యారేజీ అలాగే మూసేశాను.

ఆ పెట్టెలు బిగించిన రోజు గుర్తుందా? నువ్వు స్టూలెక్కి నిలబడ్డావు, నేను స్టూలు పట్టుకున్నాను. తలుపు పైన ఒకటి, పొయ్యి దగ్గర ఒకటి, పడకగదిలో ఒకటి, కుర్చీలు రెండింటి కిందా చెరొకటి. అగ్గిపెట్టెంత డబ్బాలు. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి తెలుసా అన్నావు. మనకంటే నయం, మధ్యలో అలగవు అన్నాను. స్టూలు మీంచే నా నెత్తి మీద స్క్రూడ్రైవరుతో ఒక్కటిచ్చావు. నేను అక్కడ ఉన్నా నువ్వు ఇంటికొచ్చావో లేదో, తిన్నావో లేదో నాకు తెలుస్తుంటుంది, ఒకే ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది అన్నావు. ఆ చివరి ముక్కకి పడిపోయాను నేను. ఇల్లంతా డబ్బాలు పెట్టుకో, నా నుదుటి మీద కూడా ఒకటి అంటించుకో అన్నాను.

నువ్వు చదువుకని ఆ ఊరు వెళ్ళిన కొత్తలో నన్ను చూసినవాళ్ళందరూ వీడు కుంగిపోతాడనుకున్నారు. లిఫ్టు గురించి జనం కూడా అలాగే అనుకుంటారు, బ్రేకు వదిలేస్తే కిందికి పడిపోతుందని. మనిషి లేని లిఫ్టు పడదు, పైకి పోతుంది. అవతల వేలాడే దిమ్మ బరువెక్కువ కాబట్టి అది కిందికి దిగుతుంది, ఖాళీ పెట్టె పైకి లేస్తుంది. కప్పు తగిలేదాకా ఎవరికీ తెలీదు. నేనూ అలాగే లేచాను. ఏ బిల్డింగుకి పోయినా ఇదే కబురు: మా ఆవిడ ఎం.టెక్ చదువుతోంది, వస్తువులన్నిటికీ ఇంటర్నెట్ తగిలించే చదువు. ఇక్కడి వాచ్‌మన్ అయితే, మా అబ్బాయికి ఒకటి తగిలించమని చెప్పు బాబూ, ఎక్కడ తిరిగొస్తున్నాడో ఇంట్లో తెలిసి చస్తుంది అన్నాడు. నీకు చెప్తే పడిపడి నవ్వావు. అప్పట్లో నీకు నాతో నవ్వే తీరిక ఉండేది.

అప్పుడు రోజూ ఫోన్ చేసేదానివి. పొయ్యి వెలగలేదేం, తినలేదా అనేదానివి. ఇంతసేపు పడుకున్నావేం, జ్వరమా అనేదానివి. అవతల నీ స్నేహితురాళ్ళు ఎగతాళి చేస్తున్నా పట్టించుకునేదానివి కాదు. తర్వాత్తర్వాత ఆ అడగడం తగ్గింది. నీ తప్పూ కాదు. అడగాల్సినవన్నీ పెట్టెలే చెప్పేస్తుంటే నన్ను అడగడానికి ఏం మిగిలింది? ఇప్పుడు నీ ఫోను వచ్చిందంటే పడకగది డబ్బాలో బ్యాటరీ అయిపోయిందనే. మార్చావా? మార్చాను. ఇప్పుడు కనబడుతోంది, ఉంటాను మరి. అంతే మన కాపురం. నీ డబ్బాకి ఆరోగ్యం బాగోకపోతే నువ్వు కంగారు పడతావు, నా గొంతు బొంగురుపోయిన సంగతి నీకు పట్టదు.

మొన్న ఆదివారం మీ అమ్మ వచ్చింది. వంటింట్లో ఆ డబ్బా ముందు నిలబడి, చిక్కిపోయావటే తల్లీ, జుట్టుకి నూనె రాస్తున్నావా అని అడుగుతోంది. అత్తయ్యా, దానికి చెవులూ లేవు కళ్ళూ లేవు, వేడీ తేమా తెలుస్తాయి, మనిషి కదిలితే తెలుస్తుంది, అంతే అని చెప్పాను. కదిలితే తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తుంది అన్నాను. చెంగు దోపుకుని దానికేసి చెయ్యూపడం మొదలుపెట్టింది. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది. ఆ రోజు నీ తెర మీద వంటింట్లో కదలిక ఎక్కువగా పడి ఉంటుంది. అది కదలిక కాదు. మీ అమ్మ నీకు చెయ్యూపింది.

నీ థీసిస్‌లో ఒక బొమ్మ ఉంది. మన ఇల్లు ఏడాదంతా ఎలా ఉందో చూపించే గీత. మధ్యమధ్యలో గీత తెగిపోయి తెల్లగా ఖాళీలున్నాయి. మొదట ఫోను తెర పాడైందనుకుని వేలితో తుడిచాను. తర్వాత కింద తారీఖులు చూస్తే తెలిసింది. అవి నువ్వు ఇంటికొచ్చిన రోజులు.

వర్షాల్లో వచ్చినప్పటిది ఒకటి. బట్టలు ఆరక ఇల్లంతా తాళ్ళు కట్టి, వాటి కింద వంగి వంగి తిరిగాం. ఒకసారి నువ్వు అటునించి, నేను ఇటునించి వచ్చి తడి దుప్పటి మధ్యన పెట్టుకుని తలలు ఢీకొట్టుకున్నాం. ఆ వారం తేమ విపరీతంగా ఉందని నీ డబ్బాలు మొత్తుకుని ఉంటాయి. పరీక్షలయ్యాక వచ్చినప్పటిది ఇంకొకటి. ఫ్యాను గురించి పోట్లాడుకున్నాం చూడు, నీకు చలి, నాకు ఉక్క. వేస్తే నువ్వు ఆపడం, ఆపితే నేను వేయడం. ఆఖరికి నువ్వు దుప్పటి, దిండు పట్టుకుని హాల్లోకి పోయావు, నేను నా దిండు పట్టుకుని నీ వెనకాలే వచ్చాను. నీ లెక్కలో అది పొసగని రోజు. నా లెక్కలో పొసగిన రోజు అదొక్కటే.

బతికిన రోజులన్నీ కోసేసి, చచ్చినట్టు పడి ఉన్న రోజులన్నీ కలిపి కుట్టి, ఇదీ ఈ మనిషి జీవితం అని బైండు చేయిస్తున్నావు. చదివి నాకు ఎలా ఉంటుందో ఒక్కసారైనా అనుకోలేదా? నవ్వే బొమ్మ పెట్టి మరీ పంపావే!

నిన్న పని దిగీ దిగగానే ఫోన్ చేసింది ఇదే అడగడానికి. నువ్వు ల్యాబులో ఉన్నావు, గుసగుసగా మాట్లాడావు. ఇది పద్ధతి, నిన్ను అన్నది కాదు అన్నావు. ఒంటరిగా బతికే వాళ్ళకి ఒంట్లో బాగోకపోతే చూసేవాళ్ళుండరు, పడిపోతే లేపేవాళ్ళుండరు, ఇల్లే పసిగట్టి నలుగురికి చెప్పేలా చేయాలి, నా పని అంతా అందుకే అన్నావు. ఇద్దరున్న రోజులు కలిస్తే యంత్రం తప్పు నేర్చుకుంటుంది అన్నావు. పోనీ ఏ రోజులు తీసేయాలో నువ్వే ఏరావా, నీ చేత్తోనే కోశావా అని అడిగాను. నేనెందుకు ఏరతాను, అన్నిటినీ ప్రోగ్రామే చూసుకుంటుంది, ఇద్దరి కదలికలుంటే అదే కనిపెట్టి పక్కన పెట్టేస్తుంది అన్నావు. అదేదో నాకు ఊరటలాగా చెప్పావు. అంతలో గైడు మేడం వస్తోంది పెట్టేస్తున్నా అన్నావు, పెట్టేశావు.

నీ పని మంచిది కాదని నేను అనడం లేదు. ఇంట్లో పడిపోయి దిక్కులేకుండా ఉన్న ముసలివాళ్ళని ఒకరిద్దరిని ఈ లిఫ్టుల్లోనే కిందికి దింపాను నేను. నీ డబ్బా ఒకటుండుంటే ముందే తెలిసేదని నేనూ అనుకున్నాను. నీ లెక్క తప్పని కూడా అనను, అంత చదువు నాకు లేదు. నాకు మండుతున్నది వేరు. యంత్రానికి ఒంటరితనం నేర్పాలి, దానికి ఒక ఒంటరివాడు కావాలి. బయట వెతికితే దొరికేవాడు. కానీ నేను చేతికందేట్టున్నాను. ఒంటరివాణ్ణి వెతుక్కోకుండా, ఒకణ్ణి తయారుచేసుకున్నావు.

ఎందుకిలా అంటున్నానంటే, చలికాలంలో నేనొక మాట అడిగాను. అక్కడ మాత్రం లిఫ్టులు ఆగిపోవా, తాళ్ళు అరగవా, నేనే వచ్చేస్తా, చిన్న గది చూసుకుందాం, నువ్వు కాలేజీకి పో, నేను పనికి పోతా అన్నాను. నువ్వు ఏమన్నావు? నువ్వొచ్చేస్తే ఇల్లు ఖాళీ అయిపోతుంది, డేటా తెగిపోతుంది, కొంచెం ఓపిక పట్టు అన్నావు. పట్టాను. డబ్బాలకి కాపలా కాస్తూ, నా మీద నేనే కాపలా కాస్తూ పడి ఉన్నాను. థీసిస్ అయిపోతే చాలు, అయిపోతే చాలు అని.

ఇప్పుడు ఆ ఫైలుతో పాటు ఇంకో కాగితం పంపావు. చదవకుండా సంతకం పెట్టేస్తానని అనుకున్నావా? లిఫ్టు వాళ్ళం, ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టం. మనం సంతకం పెట్టాక జనం ఎక్కుతారు. మేడం నిన్ను పీహెచ్‌డీకి ఉండమంటోందని ఆ మధ్య మాటల్లో మాటగా అన్నావు, చూద్దాంలే అన్నావు. ఇందులో చూద్దాంలే లేదు. రాబోయే మూడేళ్ళు కూడా ఈ ఇల్లు పరిశోధనలోనే ఉంటుందనీ, అన్నాళ్ళూ ఇందులో ఒక్కడే నివసిస్తాడనీ, ఇంకెవరూ స్థిరంగా ఉండరనీ ఉంది. కింద రెండు గీతలు. పరిశోధకురాలు అన్న గీత మీద నీ సంతకం అప్పుడే ఉంది. ఆ వంకర అక్షరం, ఆ కింద చుక్క. పెళ్ళి రిజిస్టరులో పెట్టినట్టే పెట్టావు. ఇంట్లో నివసించేవాడు అన్న గీత ఖాళీగా ఉంది. వచ్చే వారం శుక్రవారానికల్లా సంతకం చేసి పంపమన్నావు, మేడం తొందరపెడుతోందన్నావు.

చదువుకో. మూడేళ్ళు కాదు, ముప్పై ఏళ్ళు చదువు. నేను అడ్డం పడ్డానని ఎవరైనా అంటే ఈ మోటారు గదిలోనే తలబాదుకుంటాను. నీ పేరు ముందు డాక్టరు అని పడితే ఈ ఊళ్ళో ఉన్న ప్రతి లిఫ్టులోనూ ఆ కాగితం అంటిస్తాను. నా గొడవ చదువుతో కాదు. మూడేళ్ళు నా ఇంట్లోకి నువ్వు రావని నువ్వు ముందే సంతకం పెట్టావు చూడు, దానితో. పెట్టేటప్పుడు నీ చెయ్యి ఆగలేదా? ఏమీ ఆలోచించకుండా పెట్టి ఉంటావనే నాకు ఇప్పటికీ నమ్మకం. ఇంటిని అంకెల్లో చూసి చూసి, అందులో నువ్వూ ఒక మనిషివని మర్చిపోయి ఉంటావు. అలా అనుకుంటేనే ఈ పూట నాకు అన్నం దిగింది.

తాళ్ళు బిగించేశాం. బాబాయ్ కింద లిఫ్టు గుంటలోంచి అరుస్తున్నాడు, ప్రేమలేఖ అయితే రేపు రాసుకో, తిట్లయితే తొందరగా కానీ అని. రెండూ కాదు బాబాయ్ అంటే, అయితే అదే అన్నిటికన్నా పెద్దది అన్నాడు.

ఇట్లు,
ఈ ఇంట్లో నివసించే ఒక పురుషుడు

తా.క. ఒక సంగతి రాయకుండానే కవరు అంటించేశాను. సిగ్గేసింది. ఇప్పుడు విప్పి రాస్తున్నాను.

ఆ బొమ్మలో ఆఖరి ఖాళీ తారీఖు చూడు. పోయిన నెలలో ఒక శని, ఆదివారాలు. ప్రోగ్రాము అతిథి ఉందని చెప్పింది, నువ్వు తీసేశావు. ఆ రోజుల్లో నువ్వు రాలేదు.

వస్తానన్నావు. శుక్రవారం ఫోన్ చేసి, ల్యాబులో ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికొస్తున్నారు, రాలేను అన్నావు. సరేలే, నాకూ పనుంది అన్నాను. పని లేదు. ముందే సెలవు పెట్టేసుకున్నాను, ఇల్లంతా కడిగేసుకున్నాను. శనివారం పొద్దున్నే రెండు టీలు పెట్టాను. ఒకటి తాగాను, రెండోది చల్లారిపోతుంటే మళ్ళీ వేడి చేశాను. రెండు గదుల్లోనూ లైట్లు వేశాను. నీ కుర్చీలో కూర్చుని, ఏంటీ, పొద్దెక్కేదాకా పడుకున్నావ్ అని నన్ను అడిగాను. లేచి వెళ్ళి నా కుర్చీలో కూర్చుని, నువ్వొచ్చావని సెలవు పెట్టాన్లే అని జవాబు చెప్పాను. మళ్ళీ లేచి నీ కుర్చీలోకి. రెండు రోజులూ అదే పని. డబ్బాల కోసం చేయలేదు, అవి ఉన్న సంగతే గుర్తులేదు. ఇంకెవరికైనా చెప్తే పిచ్చి పట్టిందంటారు. నీ ప్రోగ్రాము మాత్రం నమ్మింది. ఇద్దరున్నారు అంది.

యంత్రానికి ఒంటరితనం ఎలా ఉంటుందో నేర్పిస్తున్నానన్నావు కదా. నా దగ్గర ఉన్న అసలైన రెండు రోజులు అవి. వాటినే తీసేశావు.

ఆ కాగితం అచ్చు తీయించాను, నా దగ్గరే ఉంది. సంతకం పెట్టలేదు, చింపలేదు. ఈ ఇంట్లో ఉండేది ఎంతమందో నువ్వు చెప్పు. ప్రోగ్రాముని అడక్కు, మేడంని అడక్కు, ఫోను చేయకు. ఒక కాగితం మీద నీ చేత్తో ఒక్క అంకె వేసి పంపు. ఒకటని వేస్తే సంతకం పెట్టి పంపేస్తాను, మళ్ళీ ఈ మాట ఎత్తను. రెండని వేస్తే ఆ రాత్రికే డబ్బాలన్నీ ఊడదీస్తాను, ఇల్లు ఇక్కడా అక్కడా అన్నది తర్వాత పోట్లాడుకుందాం. వచ్చే బుధవారం సాయంత్రం పోస్టుకల్లా నాకు జవాబు అందాలి.